ఐదు రేకుల పువ్వు

"దీన్ని అల్లిందెవరు?"

ఇంగ్లీషులో వచ్చిన ఆ ప్రశ్నకి, హరిబాబు కొట్టులో చాపల మీద కూర్చున్న ఆడవాళ్లంతా తలలెత్తారు.

అడిగినావిడ బాగా పొడుగు, మంచి నలుపు. జుట్టు మగవాళ్లలా పొట్టిగా కత్తిరించుకుంది. చేతిలో తెల్లటి లేసు కాలరు ఒకటుంది.

తొంభై ఏడు నాటి సంగతి. నరసాపురంలో హరిబాబుది లేసు వ్యాపారం. ప్రతి మంగళవారం చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చి, అల్లిన లేసు అప్పజెప్పి దారం పట్టుకెళ్తారు.

తెల్లదొరసానులు వస్తే హరిబాబు కుర్చీ తుడిపించి, కొబ్బరిబొండం కొట్టించేవాడు. ఈవిడకి కుర్చీ చూపించాలని కూడా తోచలేదు ఆ మహానుభావుడికి.

ఆవిడేమీ అనుకోలేదు. వచ్చి చాప మీద అల్లుకుంటున్న రత్తమ్మ పక్కనే చతికిలబడింది. రత్తమ్మ ఒళ్లో అల్లిక వంక చూస్తూ, ఏదో పాట లోగొంతులో తీసింది. నూతిలోంచి వచ్చినట్టు లోతైన గొంతు.

రత్తమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

ఆవిడ నవ్వింది. ముందు పళ్ల మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు.

"ఎక్కడి మనిషండి బాబూ?" అడిగింది రత్తమ్మ.

"అమెరికా అంట. కొనడానికి వచ్చినట్టు లేదు." హరిబాబు ఆవిడ చేతిలోని కాలరు తీసుకుని, తిరగేసి చూసి మొహం ముడిచాడు. "ఇదిగో, మెడ వెనకాల పువ్వుకి ఒక రేకు తక్కువ."



ఆ కాలరు రత్తమ్మదే.

ఏ లోటూ లేని పనికి దిష్టి తగులుతుందని తల్లి చెప్పింది. అందుకే ప్రతి కాలరులోనూ, మెడ వెనక్కి పోయే చోట, ఒక్క పువ్వుకి మాత్రం ఆరుకి బదులు ఐదే రేకులు అల్లేది. ముప్పై ఏళ్లుగా ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు సముద్రాలు దాటి వెనక్కొచ్చింది. అమ్మిన లేసు వెనక్కొచ్చిందంటే తప్పు పట్టడానికే. ఆ కొట్టులో ఇంకో కారణం ఎవరూ ఎరగరు.

"ఎవరిదమ్మా ఇది? మర్యాదగా చెప్పండి. ఒక కుట్టు తప్పిందనే పోయినేడు ఒకామెకి దారం ఆపేశాను."

హరిబాబు చూపు ఒక్కొక్కరి మీదా తిరిగి రత్తమ్మ దగ్గర ఆగింది.

"నీదా ఏంటి రత్తమ్మా?"

దారం ఆగితే పొయ్యి ఆగుతుంది. కూతురూ అల్లుడూ లేని ఇంట్లో మనవరాలు హారతి చదువు ఆగుతుంది.

"నాది కాదండి," అంది రత్తమ్మ. ఒళ్లో అల్లుతున్న పువ్వుని గబుక్కున పైట కింద దోపుకుంది.

ఆవిడ రత్తమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత రత్తమ్మ చెయ్యి పట్టుకుని, నూలు ఒరిసి గాడిపడిన చూపుడువేలుని మెల్లగా నిమిరింది. లేచి హరిబాబుతో ఏదో రెండు ముక్కలు అంది.

"పొరబడిందంట. ఈ కొట్టు సరుకు కాదంట," అన్నాడు హరిబాబు ఊపిరి పీల్చుకుని. "పీడా పోయింది."

ఆవిడ ఎక్కిన ఆటో రేవు వైపు తిరిగింది. బతికాననుకుంది రత్తమ్మ. ఆ వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. కన్నబిడ్డని నలుగురిలో నాది కాదన్నట్టయింది. పిలుద్దామంటే ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. వచ్చినా పిలిచే ధైర్యం లేదు.

ఆ రోజు నుంచి అన్ని పువ్వులకీ ఆరు రేకులే వేసింది.

నాలుగేళ్లు గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం రత్తమ్మ వంటింట్లో చేపలు కడుగుతోంది. రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్న హారతి, సెలవులకొచ్చి ముందు గదిలో టీవీ పెట్టింది.

అదే పాట. అదే లోతు గొంతు.

తడిచేతులతోనే పరుగెత్తింది రత్తమ్మ. టీవీలో ఆవిడే. మెడలో ఆ కాలరే.

"ఎవరే ఈవిడ?"

"అమెరికాలో పెద్ద గాయని అమ్మమ్మా. పాతికేళ్లు టీవీ సీరియల్స్‌లో నటించింది కూడా. పోయిన వారం చనిపోయిందంట. పాత ఇంటర్వ్యూ వేస్తున్నారు."

రత్తమ్మ తడిచేతులు పైటకి తుడుచుకుని టీవీ ముందు కూర్చుంది.

"ఏం చెబుతోందో చెప్పవే."

"మొదట్లో పాట ఆవిడ పాడితే, తెర మీద ఇంకెవరో తెల్లమ్మాయి పెదాలు కదిపేదంట. వేషం అడిగితే, ముందు ఆ పళ్ల సందు పూడ్పించుకుని రమ్మన్నారంట. సరే, పూడ్పించుకుందామనుకుందంట." హారతి ఆగి వింది. "ఆ ముందురోజు ఎక్కడో ఈ కాలరు కొనుక్కుందంట. ఒక పువ్వుకి రేకు తక్కువ. చిరిగింది కాదు, కావాలని అలా అల్లి ముడేశారు. లోటుతోనే ఇంత అందంగా ఉంటే నాకేం తక్కువనుకుని, పళ్ల జోలికి పోలేదంట. ఆ నవ్వుతోనే వేషం సంపాదించిందంట."

రత్తమ్మ తన చేతుల వంక చూసుకుంది.

"అల్లినావిడకి దణ్ణం పెట్టాలని మన దేశం దాకా వచ్చిందంట అమ్మమ్మా."

"కనపడలేదంటోందా?" అడిగింది రత్తమ్మ.

హారతి సౌండు పెంచి, ఒక్కో మాటే తెలుగు చేసింది.

"కనపడిందంట. ఆవిడ ఒళ్లో కూడా ఐదు రేకుల పువ్వే ఉందంట. 'నన్ను చూసి వణికిపోతోంది, పేరు బయటపడితే పని పోతుందేమోనని, ఇది ఈ కొట్టుది కాదని నేనే అబద్ధం చెప్పి వచ్చేశాను' అంటోంది."