మూలన మిగిలిన జిగురు

కొత్త ఫ్లోరింగ్ వెయ్యడానికి ఒప్పుకున్న ఇంట్లో, హాలు నేల మీద పైకి లేస్తున్న పాత వినైల్ షీటును లాగి చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"కింద నేలకున్న పాత రంగు గీకకుండా దానిమీదే జిగురు పులిమేశాడు నాన్నా! ఏ పనిదొంగో గానీ, ముందు వాడికి పని నేర్పినవాణ్ణి అనాలి."

నాకు సాయంగా వచ్చిన నాన్న తలెత్తలేదు. మోకాళ్ళ మీద కూర్చుని స్క్రేపర్‌తో జిగురు గీకుతున్నాడు. ఎంతసేపు గీకినా అరచెయ్యంత చోటు కూడా తేలలేదు.

"ఏంటి నాన్నా, కొత్తగా పనిలోకి వచ్చినవాడిలా! నాకీ పని నేర్పింది నిజంగా నువ్వేనా?" అని నవ్వాను.

"వయసైపోయింది కదమ్మా" అన్నాడు.

మూలన షీటు ఇంకా గట్టిగా అంటుకుని ఉంది. బలంగా లాగాను. పళ్ళున్న తాపీతో పూసిన జిగురు గీతలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. అన్నీ విల్లులా వంగి ఉన్నాయి, అన్నీ ఎడమచేత్తో తిప్పినవే. చిన్నప్పట్నుంచీ నేను చూస్తున్న వంపే అది.

వెనక్కి తిరిగాను. ఎడమచేతి వాటం మా నాన్న, పొద్దుట్నుంచీ కుడిచేత్తో గీకుతున్నాడు.

గ్రైండర్ వేసి ముందుగా ఆ మూలే అరగదీశాను. ఈసారి తలెత్తే ధైర్యం నాకు లేకపోయింది.