పక్కకు రండి, ఒక్క మాట

"ఈ కొత్త క్రీము సీసాలు ఎన్నుంటే అన్నీ ఇవ్వండి," అంది ఆ వచ్చినావిడ.

మూలికల షాపులో ఉన్న ఆడవాళ్ళంతా తల తిప్పి చూశారు.

షాపు యజమానురాలిని అందరూ క్రీమక్క అంటారు. ఆవిడకు నవ్వాగలేదు.

"అన్నీనా! మొహానికి రాస్తావా, గోడకు పూస్తావా తల్లీ?"

అందరూ గొల్లుమన్నారు. వచ్చినావిడ మాత్రం నవ్వలేదు.

"కాస్త పక్కకు రండి, ఒక్క మాట," అంది మెల్లగా.

పక్కకు పిలిచారంటే బేరానికే. ఇన్నేళ్ళ వ్యాపారంలో క్రీమక్కకు ఆ మాత్రం తెలీదా?

"బేరమేదో అందరి ముందే ఆడు. తగ్గించేది మాత్రం లేదు."

"బేరం కాదండీ..."

"మరి గుట్టెందుకు?"

ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది. ఏదో అనబోయి మింగేసింది.

"సరే, అన్నీ కట్టేయండి."

క్రీమక్క పొంగిపోయింది. మొహం త్వరగా నిగారించాలని ఈసారి నిమ్మనూనె ధారాళంగా పోసింది మరి. తన చేతి చలవ ఊరికే పోతుందా?

చివరికి బల్ల మీద ఒక్క సీసా మిగిలింది. ఆవిడ దాని మీదా చెయ్యి వేసింది.

"అది మా అమ్మాయికి," అంటూ లాక్కుంది క్రీమక్క.

"వద్దండీ, అదీ నాకే ఇచ్చేయండి. మీకు దండం పెడతాను."

"ఎంత ఆశమ్మా నీకు! ఊళ్ళో అందమంతా నీ ఒక్కదానికే కావాలా? ఇక దయచెయ్యి."

ఆవిడ మొహం చిన్నబోయింది. బరువు సంచీ మోసుకుంటూ, వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్ళిపోయింది.

మర్నాడు క్రీమక్క కూతురు ఆ క్రీము రాసుకుని ఎండలో కాలేజీకి వెళ్ళింది. రెండోనాటికి బుగ్గలు కమిలి బొబ్బలెక్కాయి.

చర్మం డాక్టరు దగ్గర చీటీ రాసే అమ్మాయి అడిగింది.

"ఏం రాసుకుంది?"

"ఏదో బజారు క్రీము," అంది క్రీమక్క.

"అమ్మా!" అంది కూతురు, మొహానికి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు వెనక నుంచి.

ఆ ఒక్క పిలుపుకే క్రీమక్క తల వాలిపోయింది. కన్నబిడ్డ ముందు ఇంత సిగ్గుపడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

తలెత్తేసరికి డాక్టరు గది తలుపు దగ్గర సీసాలు కొన్నావిడ. మొహం మీద చిన్న మచ్చయినా లేదు. అబద్ధం వినే ఉంటుంది.

ఇప్పుడు నలుగురిలో కడిగిపారేస్తుంది, కడగాల్సిందే అనుకుంది క్రీమక్క.

ఆవిడ దగ్గరకొచ్చింది. గొంతు తగ్గించింది.

"ఆ సీసాలన్నీ పారబోశానండీ. అందరిలో చెబితే మీ షాపు పేరు పోతుందని ఆ రోజు నోరెత్తలేకపోయాను. మిగిలిన ఆ ఒక్కటీ మీ అమ్మాయి రాసుకోలేదు కదా?"

క్రీమక్క కూతురి వైపు చూసింది. కూతురు చేతిరుమాలు మెల్లగా తీసింది.

అంతలో తలుపు తెరుచుకుని, బుగ్గల నిండా అవే బొబ్బలున్న ఓ అమ్మాయి బయటికొచ్చి, "పదమ్మా" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది.