ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు

కోదాడ మిల్లు ఓనరు స్కూటరు తాళంచెవితో వరండా స్తంభాన్ని టకటకా కొట్టి చూశాడు. సుగుణమ్మకు ఒళ్లు మండిపోయింది.

"గట్టిగానే ఉందమ్మా. అయినా తీసేస్తాం. ముందర నాలుగు షట్టర్లు దింపితే సూర్యాపేటలో ఇట్లాంటి జాగా దొరకదు," అన్నాడు.

సుగుణమ్మ అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. మెడలో గొలుసు లావుగానే ఉంది. కళ్లే ఉన్నట్టు లేవు.

"స్తంభం తీస్తే స్లాబు నీ నెత్తి మీదనే పడ్తది. నీ నెత్తికేం గాదు గనీ, కింద గచ్చు పగుల్తది," అంది.

మిల్లు ఓనరు మళ్లీ కనబడలేదు.

అది 1953లో కట్టిన ఇల్లు. గుండ్రంగా తిరిగిన వరండా, సూర్యకిరణాల్లా విచ్చుకున్న ఇనుప గ్రిల్లు, కిటికీల పైన ఆకుపచ్చ, పసుపుపచ్చ గాజు పలకలు. ఎర్ర గచ్చులో మొహం చూసుకోవచ్చు. రోజూ కొబ్బరి పీచు పెట్టి రుద్దేది సుగుణమ్మే. పొద్దున ఎనిమిదింటికి ఆ గాజు పలకల్లోంచి రంగురంగుల ఎండ గచ్చు మీద పడితే పొయ్యి మీద అన్నం మాడినా లేచేది కాదు.

ఈ ఇల్లు పోతే ఇంకో కప్పు కింద తనకు నిద్ర పట్టదు. అయినా ఇల్లు అమ్మకానికి పెట్టి నాలుగేళ్లయింది. వచ్చినవాళ్లకు గది గదీ తిప్పి చూపించక తప్పదు. ధర మాటలు మాత్రం బ్రోకరు పిచ్చయ్యవి. ఆమె వాటి జోలికి పోదు.

మిర్యాలగూడ నుంచి కాంట్రాక్టరు జైరాం వచ్చాడు. వెంట ఒక వాస్తు సిద్ధాంతి. ఊళ్లన్నిటికీ వాస్తు పిచ్చి కొత్తగా పట్టిన రోజులవి. సిద్ధాంతి ఒక్క కిటికీ వైపు కూడా తలెత్తలేదు. చేతిలోని దిక్సూచిని చూసుకుంటూనే ఇల్లంతా తిరిగాడు.

"బావి ఆగ్నేయంల ఉన్నది. పూడ్చాలె," అన్నాడు.

"బావిదేముంది సిద్ధాంతీ! ఈశాన్యంల కక్కూసున్నది, గా సంగతి సూడలేదా? రా, సూపిస్త," అంటూ సుగుణమ్మే దగ్గరుండి తీసుకుపోయింది.

చాయ్ కూడా తాగకుండా ఇద్దరూ బస్టాండు దారి పట్టారు. ముల్లు చూసి ఇల్లు కొనే మొహాలకు చాయ్ ఒకటి దండగ అనుకుంది సుగుణమ్మ.

"గిట్లయితే ఎట్లమ్మా? ఒక్కడు గూడ నిలవడ్తలేడు," అని పిచ్చయ్య మొత్తుకున్నాడు.

"ఇల్లంటే ఏందో తెలిసినోన్ని తీస్కరారాదు? అందరు దున్నపోతులనే తెస్తివి."

పిచ్చయ్యకు రోషం వచ్చింది. ఆ వచ్చే ఆదివారమే తులసీరాం అనే లెక్చరర్నీ, అతని భార్య కమలనూ తీసుకొచ్చాడు. తాను వరండాలో కూర్చుని బీడీ ముట్టించాడు.

తులసీరాం చెప్పులు గేటు దగ్గరే విప్పాడు. లోపలికి వస్తూనే గొంతుక్కూర్చుని అరచేత్తో గచ్చును నిమిరాడు.

"ఇట్లాంటి పనిచేసే మేస్త్రీలు ఇప్పుడెక్కడున్నరమ్మా! రోజూ రుద్దుతున్నట్టుంది. పొద్దుగాల ఎండ ఆ రంగు అద్దాల్లోంచే పడ్తది గదా?"

నాలుగేళ్లలో కళ్లున్నవాడు ఇతనొక్కడే వచ్చాడు.

"నేను వచ్చే నెల రిటైర్ అయితున్న. గోడకు మేకు గూడ కొట్టను. మేమిద్దరం వచ్చి ఇందులనే ఉంటం. ధర పిచ్చయ్య చెప్పిందే ఇస్త."

మిల్లు ఓనరు మీద కూడా ఆమెకు అంత కోపం రాలేదు.

"వానొస్తే వంటర్ర కారుతది సారూ."

"గిన్నె పెట్టుకుంటం."

"దర్వాజలకు చెదలున్నయి."

"పాత ఇల్లన్నంక చెదలుండవా అమ్మా!"

వెర్రివాడు! దేనికీ బెదిరేలా లేడు. సుగుణమ్మ కమల వైపు తిరిగింది. కమల మూల గదిలోకి తొంగి చూస్తోంది.

"పైలం బిడ్డా, గా అర్రల మాత్రం పండుకోకుండ్రి. ఒక ముసలాయన ధనిష్ఠ నక్షత్రంల పోయిండు. ఆరు నెల్లు ఇల్లు పాడువెట్టాలన్నరు. ఎవలు వెట్టలే."

చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే నెలల తరబడి ఇంటికి తాళం వేసి వదిలేయాలి. లేకపోతే ఇంకో ప్రాణం పోతుందని ఊరూరా భయం. ఆ గదిలో ఏనాడూ ఎవరూ పోలేదు. అయినా సుగుణమ్మ మొహంలో సిగ్గన్నది లేదు.

కమల చటుక్కున గడప దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. మొగుడి చెయ్యి పట్టుకుని గుంజింది.

"ఇగ నడువుండ్రి. ఊరికే ఇచ్చినా నాకొద్దు."

"అవన్నీ ఉత్త మాటలు కమలా... జర ఆగు..."

ఆమె అప్పటికే గేటు దాటింది. తులసీరాం రెండుసార్లు వెనక్కి తిరిగి గ్రిల్లును చూసుకుంటూ వెళ్లిపోయాడు. కళ్లున్నాయి గానీ పెళ్లానికి నచ్చజెప్పే నోరు లేదు, వీడికెందుకీ ఇల్లు అనుకుంది సుగుణమ్మ. పిచ్చయ్య ఏం జరిగిందో తెలియక బీడీ పారేసి వాళ్ల వెంట పరిగెత్తాడు.

సుగుణమ్మ తలుపు గడియ పెట్టి, కాళ్లు కడుక్కుని, కార్డు ముందేసుకుని హైదరాబాదులో ఉన్న జవహర్‌కు రాసింది: "బాబూ, ఈసారి వచ్చినవాళ్లకు కూడా మీ ఇల్లు నచ్చలేదు, మంచి బేరం వచ్చేదాకా నేనే కనిపెట్టుకుని ఉంటాను, మీ నాయన పెట్టిన నలభై రూపాయల కిరాయి ఎప్పటిలాగే మనియార్డరు చేశాను."