ఆఖరి మలుపు

పందెపు గుర్రం పిడుగు గెలిచి వచ్చినప్పుడల్లా దాని మెడలోని బంతిపూల దండ మేకకే దక్కేది. గుర్రాలకు తోడుగా శాలలో కట్టేసిన ముసలి మేక అది. పదకొండో పందెం గెలిచిన సాయంత్రం కూడా పిడుగు దండ అందేలా మెడ వంచింది. మేక మొహం తిప్పుకుంది.

"నాకొద్దు. ముందు పక్క గదిలోకి చూడు."

పక్క గది ఖాళీగా ఉంది. అందులో ఉండే ఆడగుర్రం గోరింట కూడా ఆ రోజు పందెంలో పరుగెత్తింది.

"గోరింట ఏది?"

"ఆఖరి మలుపులో నీ పక్కనే కాలు విరిగి పడింది. ఇక పనికిరాదని తుపాకీతో కాల్చేశారు. అన్ని గుర్రాలూ చెప్పుకుంటున్నాయి. నీకే తెలీదా?"

"నా కళ్లకు గంతలు కట్టారు. ఎదురు దారి తప్ప పక్కన ఏం జరిగినా కనపడదు."

"చెవులకు కట్టలేదుగా. నిన్ను పేరు పెట్టి పిలిచిందట."

పిడుగు తల దించుకుంది. "అరుపు వినపడింది. ఓడిపోయేవాళ్ల ఏడుపులే అనుకున్నాను."

"అనుకుంటావు. పదకొండు దండలు పడ్డ మెడ కదా, వెనక్కి ఎలా తిరుగుతుంది?"

తర్వాతి పందెం రోజు గంతలు కట్టబోతే పిడుగు వాటిని పళ్లతో పీకి పారేసింది. పరుగులో అన్నిటికన్నా ముందుండి, ఆఖరి మలుపు రాగానే ఆగిపోయింది. కొరడా దెబ్బలకు ఒళ్లు చిట్లినా కదల్లేదు. మిగతా గుర్రాలు దాటిపోయాయి. జనం నోటికొచ్చినట్టు తిట్టారు.

శాలకు వచ్చాక దాని ఒంటిమీది వాతలు చూసి మేక అడిగింది. "గెలిచే పందెం. అక్కడెందుకు ఆగావు?"

"మొన్న ఆగాల్సింది అక్కడే" అంది పిడుగు.