మూడో పెట్టెలో కర్చీఫులు

"లేయప్పా, ఆ కర్చీఫు మీద మనిషి ఉండాడు!" అని కేకేశాడు అమృతరాజు.

కూర్చున్నాయన అదిరిపడి లేచాడు. "యాడుండాడు?"

"ఛాంపియన్ స్టేషన్‌లో ఎక్కుతాడు."

మారికుప్పంలో బెంగళూరు రైలుబండి ఇంకా కదలనేలేదు. మూడో పెట్టెలో అమృతరాజు పరిచిన కర్చీఫులు మాత్రం అప్పుడే సీట్లు ఆక్రమించేశాయి. ఛాంపియన్‌లో గాడ్విన్ ఎక్కాడు, ఊరిగాంలో చైత్ర. ఎక్కీ ఎక్కగానే గాడ్విన్ తన మేనేజర్ని తిట్టడం మొదలుపెట్టాడు, చైత్ర చిత్రాన్నం డబ్బా తెరిచి అందరికీ పంచింది.

"అన్నా, నీ మేనేజరు దేవుడప్పా! ఒక్కనాడన్నా తిట్టినాడని చెప్పలే నువ్వు," అన్నాడు గాడ్విన్.

"నన్నేమీ అనడప్పా." అమృతరాజు రంగేసిన మీసం దువ్వుకున్నాడు.

"సాయంత్రం మేము పరిగెత్తుకోని వచ్చేసరికి కూడా అంకుల్ సీట్లు పట్టుకోనే ఉంటారు," అని నవ్వి, చైత్ర బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. "అంకుల్, మీ కంపెనీవాళ్ళు మన ఊరి పక్క టమకలో కొత్త గోడౌన్ తెరిచినారంట. మిమ్మల్ని ఆడికి మార్చమని రాసినాను. పెట్టెలో అందరం సంతకాలు పెట్టినాము. ఈ పొద్దు మధ్యాహ్నం నేనే వచ్చి మీ మేనేజరు చేతికిస్తాను!"

అమృతరాజు నోటి దాకా వెళ్ళిన ముద్ద అక్కడే ఆగిపోయింది.

"వద్దమ్మా."

"మొహమాటమేల అంకుల్? ఇంటి దగ్గర పని. రోజుకు ఎన్ని గంటలు మిగల్తాయో తెలుసా?"

"మిగిలితే ఏం చేసుకునేది? టమకలో ఈ మూడో పెట్టె ఉండాదా? వీడి తిట్లుండాయా? నీ చిత్రాన్నం ఉండాదా? నన్ను దించేయొద్దు చైత్రమ్మా."

గాడ్విన్ గబుక్కున ఆ కాగితం లాక్కుని పొట్లంలా చుట్టి, అందులో ఇన్ని వేరుశెనగలు పోసి అమృతరాజు చేతిలో పెట్టాడు.

"తినన్నా. ఇంగ నువ్వు పోతే నాకు సీటెవరు పట్టేది?"

పెట్టె మొత్తం గొల్లున నవ్వింది. చైత్ర కూడా కళ్ళు తుడుచుకుని నవ్వేసింది.

బెంగళూరు కంటోన్మెంట్‌లో దిగగానే అందరూ ఉరుకులు పరుగులు.

"రండి అంకుల్, లేటయితాది!"

"మీరు పదండమ్మా, నేనొస్తా."

వాళ్ళు జనంలో కలిసిపోయేదాకా చెయ్యూపి, అమృతరాజు ప్లాట్‌ఫారం బెంచీ మీద తీరిగ్గా కూర్చున్నాడు. కర్చీఫులు ఒక్కొక్కటే దులిపి, సాయంత్రం బండి కోసం మడతపెట్టుకున్నాడు.

ఆయన రిటైరై రెండేళ్ళయింది.