పదో ఇన్నింగ్స్

అమెరికాలోని టొలీడోలో తన ఇంటి నేలమాళిగలో కూర్చుని ఎమిల్ కోసిక్ పాత రేడియో రికార్డులను టేపు మీదికి ఎక్కిస్తుంటాడు. ఆ రాత్రి వంతు పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది నాటి బేస్‌బాల్ ఫైనల్‌ది. రికార్డు బాగా పెళుసుబారింది. సూది ఒక్కసారి నడిస్తే గాడి చెరిగిపోతుంది, మళ్లీ వినడానికి ఉండదు. భార్య వెర్నా కూడా వచ్చి పక్కన కూర్చుంది.

వ్యాఖ్యాత టల్లీ బ్రానిగన్ పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆయన చెబుతుంటే బంతికి అంటిన దుమ్ము కూడా కళ్లకు కడుతోంది.

"ఏం గొంతయ్యా బాబూ!" అంది వెర్నా.

ఆటలో ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఊరి జట్టు గెలిచింది. జనం హోరెత్తారు. రికార్డు అయిపోయింది. ఎమిల్ సూది ఎత్తి పక్కన పెట్టాడు.

స్పీకర్లో జనం హోరు ఆగింది. టల్లీ గొంతు ఆగలేదు.

"పదో ఇన్నింగ్స్," అన్నాడాయన తాపీగా. "జనమంతా వెళ్లిపోయారు. బ్యాటర్ మాత్రం వస్తున్నాడు, ఎవరికోసమో స్టాండ్ల వైపు చూస్తూ..."

ఎమిల్ చెయ్యి స్విచ్ మీదికి పోయింది. వెర్నా ఆ చేతిని పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లబడ్డాయి, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"ఆపకు. ఇంత బాగా ఇంకెవరు చెప్తారు?"

"ఎవరికి చెప్తున్నాడే ఆయన?"

వెర్నా స్పీకర్ దగ్గరికి జరిగింది. టేపు ఇంకా తిరుగుతోందో లేదో చూసుకుని, ఎమిల్ తన కుర్చీని చప్పుడు కాకుండా జరుపుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.