టోకెనుకి ఒక కార్డు

గోడ మీది లైసెన్సుకి శుక్రవారం సాయంత్రం అయిదింటితో నూకలు చెల్లుతాయి.

జాబితాలో చూపించిన ఆస్పత్రుల్లో సగం అసలు పథకంలో చేరనే లేవని తేలి, ఆ ఆరోగ్య పథకం కంపెనీ లైసెన్సు సస్పెండ్ అయింది. రద్దు చేసి పరువు తీయకముందే కంపెనీ తానే అప్పగిస్తానంది. ఈలోపు చికిత్సలో ఉన్న సభ్యులందర్నీ వేరే పథకానికి మార్చాలి. గడువులోగా మారనివాళ్లు మళ్లీ కొత్తగా చేరి ఆరు నెలలు ఆగాల్సిందే.

ఆ పని కౌంటర్ గుమస్తా నెత్తిన పడింది. మనిషి చెడ్డవాడేం కాదు, విసుగు ఎక్కువ.

మొదటిరోజు సోమవారమే ఒక పెద్దావిడ సంచితో వచ్చి, అయిదు కార్డులు బల్ల మీద పరిచింది.

"ఇది మా చెల్లిది నాయనా. ఇది మా అల్లుడిది..."

"అందరూ మీ చుట్టాలేనా పెద్దమ్మా?"

"అందరూనూ."

"అందరికీ కిడ్నీల జబ్బే? అందరూ ఒకే ఆస్పత్రే?"

"చుట్టరికం అక్కడే కలిసింది."

"వాళ్లే రావచ్చుగా?"

"మంచం దిగలేరు."

లోపలి నుంచి మేనేజర్ తొంగిచూశాడు.

"బ్రోకరయ్యా ఆవిడ! చనువిస్తే చంకెక్కి కూర్చుంటుంది."

గుమస్తా ఆ పూటే ఆవిడ కోసమని అట్టముక్క మీద రాసి కౌంటరుకి తగిలించాడు. 'మనిషికి రోజుకి ఒక టోకెన్. టోకెనుకి ఒక కార్డు.'

పెద్దమ్మ తగువాడలేదు. రోజూ వచ్చి, రోజుకో కార్డు మార్పించుకుని వెళ్లేది. రోజు విడిచి రోజు మాత్రం మధ్యాహ్నం దాటాక, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చేది.

"ఇవాళ బేరాలు ఎక్కువయ్యాయా?" అనేవాడు గుమస్తా.

"ఎక్కువే నాయనా," అని నవ్వేది.

శుక్రవారం రానే వచ్చింది. ఆవిడ చేతిలో రెండు కార్డులున్నాయి.

"ఇవాళే ఆఖరు కదా. ఈ ఒక్కసారికి రెండూ..."

గుమస్తా అట్టముక్క వైపు వేలు చూపించాడు.

ఆవిడ రెండింటినీ కాసేపు చూసుకుంది. ఒకటి సంచిలో వేసుకుని, రెండోది ఇచ్చింది.

"ఇద్దరు పసిపిల్లల తల్లిది. జాగ్రత్తగా మార్చు."

అయిదయింది. కంప్యూటర్ ఇక ఏ మార్పూ తీసుకోనంది. గుమస్తా లైసెన్సు దించి, దుమ్ము తుడిచి కవరులో పెట్టాడు. దాంతోపాటు పంపాల్సిన మిగిలిపోయినవాళ్ల జాబితా ప్రింటు తీశాడు.

"ఎంతమంది?" అన్నాడు మేనేజర్.

"ఒక్కరే సార్."

"భేష్! గట్టివాడివే."

గుమస్తా జాబితా అందించబోతూ దాని మీదికి చూశాడు.

'డయాలసిస్, వారానికి మూడుసార్లు' అని రాసివున్న ఆ ఒక్క పేరు పక్కన పెద్దమ్మ ఫొటో ఉంది.